ఫర్-ఇన్ లూప్ మీద తెగని పేచీ

జావాస్క్రిప్ట్‌లో ఒక ఆబ్జెక్ట్ లోపల ఏయే ప్రాపర్టీలు ఉన్నాయో వరసగా చూసుకుంటూ పోవడానికి ఫర్-ఇన్ అనే లూప్ ఉంది. మూడు లైన్లలో అయిపోయే పని. ఆ మూడు లైన్లూ రాయగానే ఒక టీములో లింటర్ అడ్డుపడి, లోపల ఒక ఇఫ్ పెట్టమంటుంది. మరో టీములో అదే లింటర్ అసలు ఆ లూపే వాడొద్దంటుంది. ఇంకో చోట నోరు మెదపదు. భాష ఒకటే, లింటరూ ఒకటే, తీర్పులు మాత్రం మూడు.

లింటర్ అంటే ప్రోగ్రామును నడపకుండానే కోడ్ చదివి, తప్పు జరిగే చోట్లు వేలెత్తి చూపించే పనిముట్టు. 1978లో బెల్ ల్యాబ్స్‌లో స్టీఫెన్ జాన్సన్ సీ భాష కోసం రాసిన లింట్ అనే ప్రోగ్రాముతో ఆ పేరు స్థిరపడింది. దాని వారసులు ఈ చిన్న లూప్ గురించి ఇరవై ఏళ్లకు పైగా వాదించుకుంటున్నారు. ఈ కాలంలో వాదనకు మూలమైన ప్రశ్నే మారిపోయింది. మొదట్లో అది ఒకే పేజీలో కాపురం చేసే లైబ్రరీల మధ్య మర్యాద సమస్య. తర్వాత కోడ్ రాసే అలవాటు సమస్య. ఇప్పుడు భద్రత సమస్య. నియమం మాత్రం చాలావరకు మొదటి ప్రశ్నకు ఇచ్చిన జవాబు దగ్గరే ఉంది.

చిక్కు ఎక్కడ మొదలైంది

1995లో నెట్‌స్కేప్ సంస్థలో బ్రెండన్ ఐక్ జావాస్క్రిప్ట్‌ను తయారు చేసినప్పుడు వారసత్వ పద్ధతిని సెల్ఫ్ అనే పరిశోధనా భాష నుంచి తీసుకున్నాడు. అందులో క్లాసులు ఉండవు. ప్రతి ఆబ్జెక్టూ మరో ఆబ్జెక్ట్‌ను తన ప్రోటోటైప్‌గా పెట్టుకుంటుంది. తన దగ్గర లేని ప్రాపర్టీని అడిగితే ప్రోటోటైప్‌ను అడుగుతుంది, అక్కడా లేకపోతే దాని ప్రోటోటైప్‌ను. గొలుసు చివర సాధారణంగా అన్ని ఆబ్జెక్టులకూ ఉమ్మడిగా ఉండే మూల ప్రోటోటైప్ ఉంటుంది. ఫర్-ఇన్ లూప్ స్వార్జితానికీ పిత్రార్జితానికీ తేడా చూడని గుమస్తా లాంటిది: గొలుసులో కనిపించిన ప్రతిదాన్నీ ఒకే జాబితాలో రాసేస్తుంది.

ఒక ముఖ్యమైన మినహాయింపు ఉంది. ఎన్యూమరబుల్ అనే గుర్తు లేని ప్రాపర్టీలు ఆ జాబితాలోకి రావు. టుస్ట్రింగ్ లాంటి, భాషతో పాటే వచ్చే మెథడ్లకు ఆ గుర్తు లేదు. ప్రోగ్రామర్ మామూలుగా అసైన్ చేసి పెట్టిన వాటికి ఉంటుంది. 2009 డిసెంబర్‌లో జావాస్క్రిప్ట్ ప్రమాణమైన ఎక్మాస్క్రిప్ట్ అయిదో ఎడిషన్ వచ్చేదాకా, సొంతంగా చేర్చిన ప్రాపర్టీ నుంచి ఆ గుర్తును తీసేసే మార్గం ప్రోగ్రామర్‌కు లేదు. అంటే మూల ప్రోటోటైప్‌కు ఎవరైనా ఒక మెథడ్ చేర్చితే, ఆ పేజీలోని ప్రతి ఫర్-ఇన్ లూప్‌లోనూ అది పిలవని అతిథిలా వచ్చి కూర్చునేది.

ఇది ఊహాగానం కాదు. 2005లో రూబీ ఆన్ రైల్స్ అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్‌కు తోడుగా సామ్ స్టీఫెన్సన్ రాసిన ప్రోటోటైప్ డాట్ జేఎస్ అనే లైబ్రరీ తొలి వెర్షన్లలో మూల ప్రోటోటైప్‌కే ఎక్స్‌టెండ్ అనే మెథడ్ తగిలించింది. ఆ లైబ్రరీని పేజీలో చేర్చగానే, దాంతో ఏ సంబంధమూ లేని పాత కోడ్ తప్పులు చేయడం మొదలుపెట్టింది. గొడవ పెరిగాక 1.4 వెర్షన్ నాటికి ఆ మెథడ్‌ను తీసేశారు. అయితే అర్రేల ప్రోటోటైప్‌కు ఈచ్, ఇంజెక్ట్ లాంటివి చేర్చడం ఆపలేదు. అర్రే మీద ఫర్-ఇన్ వాడొద్దని తన డాక్యుమెంటేషన్‌లోనే హెచ్చరించుకుంది.

మందు అప్పటికే భాషలో ఉంది. 1999 నాటి మూడో ఎడిషన్ హ్యాజ్‌ఓన్‌ప్రాపర్టీ అనే మెథడ్ ఇచ్చింది. ఒక పేరు ఆ ఆబ్జెక్ట్‌కు సొంతమా, వారసత్వంగా వచ్చిందా అన్నది అది చెబుతుంది. లూప్ లోపల మొదటి లైన్‌గా ఆ ప్రశ్న అడిగి, సొంతం కానివాటిని వదిలేస్తే చాలు. దీన్నే కాపలా పెట్టడం అంటారు.

లింటర్ చూసేది ఎంత?

డగ్లస్ క్రాక్‌ఫర్డ్ 2002లో తెచ్చిన జేఎస్‌లింట్ ఈ కాపలాను సలహా స్థాయి నుంచి నియమం స్థాయికి తీసుకెళ్లింది. ఫర్-ఇన్ లోపలి భాగాన్ని ఇఫ్‌తో చుట్టి, ప్రోటోటైప్ నుంచి వచ్చే అనవసరపు ప్రాపర్టీలను వడకట్టమని హెచ్చరించేది. క్రాక్‌ఫర్డ్ అభిరుచులు గట్టివి. లింటర్ కూడా ఆయనలాగే మొండిగా ఉందని విసిగిన ఆంటన్ కొవల్యోవ్ 2011లో దాన్నుంచి జేఎస్‌హింట్‌ను విడదీశాడు. అందులో ఈ నియమం ఐచ్ఛికం: కావాలనుకున్నవాళ్లే ఆన్ చేసుకోవాలి. 2013లో నికొలస్ జకాస్ మొదలుపెట్టిన ఈఎస్‌లింట్ ప్రతి నియమాన్నీ విడివిడిగా పెట్టుకునే, తీసేసే వీలు కల్పించింది. అక్కడ దీని పేరు గార్డ్-ఫర్-ఇన్. ఈఎస్‌లింట్ స్వయంగా సిఫారసు చేసే నియమాల జాబితాలో మాత్రం ఇది లేదు.

ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే వాదించేవాళ్లలో చాలామంది ఈ నియమం నిజంగా ఏం చేస్తుందో చూసి మాట్లాడరు. గార్డ్-ఫర్-ఇన్ చూసేది ఆకారాన్ని మాత్రమే. లూప్ లోపల ఏమీ లేకపోయినా, ఉన్నదంతా ఒకే ఇఫ్ అయినా, మొదటి వాక్యం కంటిన్యూ మాత్రమే ఉన్న ఇఫ్ అయినా ఒప్పుకుంటుంది. ఆ ఇఫ్ ఏం అడుగుతోందో పట్టించుకోదు. షరతు స్థానంలో ట్రూ అని రాసినా పాస్. విలువ సున్నా కన్నా ఎక్కువా అని అడిగినా పాస్, దానికీ వారసత్వానికీ సంబంధం లేకపోయినా. ఇంకోవైపు, ప్రోటోటైప్ లేని ఆబ్జెక్ట్ మీద, అంటే వారసత్వం వచ్చే అవకాశమే లేని చోట తిరిగే లూప్‌ను తప్పు పడుతుంది.

ఇది రాసినవాళ్ల నిర్లక్ష్యం కాదు. టైపు సమాచారం లేని లింటర్ కోడ్‌ను వాక్యనిర్మాణ చెట్టుగా మాత్రమే చూస్తుంది. చేతిలో ఉన్న ఆబ్జెక్ట్ ఎక్కడ పుట్టిందో దానికి తెలియదు. తెలియని దాని గురించి తీర్పు చెప్పడం కన్నా, ప్రోగ్రామర్ ఒక్క క్షణం ఆగి ఆలోచించాడన్న గుర్తు కోసం వెతకడం మేలనుకుంది. ఆ గుర్తును తప్పుడు భరోసాగా చదివేవాళ్లతోనే ఇబ్బంది.

కాపలా, నిషేధం, కట్టుబాటు

అభిప్రాయాలు ప్రధానంగా మూడు. మొదటిది కాపలా పక్షం. గూగుల్ జావాస్క్రిప్ట్ శైలి నియమావళి ఇటువైపు ఉంటుంది, కొన్ని షరతులతో. డిక్షనరీలా వాడే ఆబ్జెక్టుల మీదే ఫర్-ఇన్ వాడాలి, అర్రేల మీద కూడదు, హ్యాజ్‌ఓన్‌ప్రాపర్టీ కాపలా ఉండాలి, వీలైతే దాని బదులు ఫర్-ఆఫ్ లూప్, ఆబ్జెక్ట్ డాట్ కీస్ మెథడ్ మేలు. నాలుగు మాటల్లో నాలుగు సర్దుబాట్లు.

రెండోది నిషేధ పక్షం. దీనికి ఎక్కువ పేరు తెచ్చింది ఎయిర్‌బీఎన్‌బీ శైలి నియమావళి. ఫర్-ఇన్ గొలుసంతా తిరుగుతుందనీ, అలా తిరగడం దాదాపు ఎప్పుడూ ఎవరికీ అక్కర్లేదనీ, దాని బదులు కీస్, వాల్యూస్, ఎంట్రీస్ ఇచ్చే అర్రేల మీద తిరగమనీ దాని ఈఎస్‌లింట్ కాన్ఫిగరేషన్ చెబుతుంది. సొంత పేర్లను మాత్రమే అర్రేగా ఇచ్చే కీస్ 2009లో వచ్చింది. విలువలను, జంటలను ఇచ్చే వాల్యూస్, ఎంట్రీస్ 2017 ఎడిషన్‌లో చేరాయి. కాబట్టి ఈ పక్షం వాదన ఏటేటా బలపడింది. అయితే అదే కాన్ఫిగరేషన్ ఫర్-ఆఫ్‌ను కూడా నిషేధించింది. పాత బ్రౌజర్ల కోసం కోడ్‌ను మార్చేటప్పుడు బరువైన సహాయక కోడ్ మోయాల్సి వస్తుందన్నది కారణం. ఆ బ్రౌజర్లు పోయిన తర్వాత కూడా ఆ నిషేధం ఎన్నో ప్రాజెక్టుల్లో కాపీ అవుతూ బతికింది. నియమాలకు పుట్టిన కారణం కన్నా ఆయుష్షు ఎక్కువ ఉండడం ఈ రంగంలో మామూలే.

మూడోది కట్టుబాటు పక్షం. మూల ప్రోటోటైప్‌ను ఎవరూ ముట్టుకోకూడదు, ముట్టుకున్నవాళ్లదే తప్పు, ప్రతి లూప్‌లోనూ కాపలా పెట్టుకోవడం నా పని కాదు అంటుంది. జేక్వెరీ లైబ్రరీ చాలాకాలం ఈ దారిలోనే నడిచింది. మూల ప్రోటోటైప్‌కు ఎన్యూమరబుల్ ప్రాపర్టీలు చేర్చిన పేజీల్లో తాను సరిగ్గా పనిచేస్తానని హామీ ఇవ్వనంది. దాని లోపలి ఫర్-ఇన్ లూపుల్లో చాలావాటికి కాపలా లేదు.

ఈ మూడింటి మధ్య తేడా భారం ఎవరి మీద పడుతుందన్న దగ్గర ఉంది. కాపలా పక్షం ప్రతి లూప్ రాసేవాడి మీద భారం వేస్తుంది, లింటర్ దాన్ని అరకొరగా తనిఖీ చేస్తుంది. నిషేధ పక్షం భారాన్ని భాషలోని కొత్త సదుపాయాలకు అప్పగిస్తుంది. లింటర్‌కు అది తేలిక, ఎందుకంటే ఫర్-ఇన్ ఉందా లేదా అన్నది ఒక్క చూపులో తేలిపోతుంది. కట్టుబాటు పక్షం లైబ్రరీలు రాసేవాళ్ల మీద వేస్తుంది. అక్కడ లింటర్ చూడాల్సింది లూప్‌ను కాదు, ప్రోటోటైప్‌లోకి రాసే అసైన్‌మెంట్‌ను. దానికీ ఈఎస్‌లింట్‌లో నో-ఎక్స్‌టెండ్-నేటివ్ అనే వేరే నియమం ఉంది. తనిఖీకి లొంగే గుణాన్ని బట్టి చూస్తే నిషేధమే మెరుగు. అమాయకంగా తప్పించుకునే సందు దానిలో లేదు.

జావాస్క్రిప్ట్‌కు టైపులు చేర్చిన టైప్‌స్క్రిప్ట్ వచ్చాక నాలుగో దారి తెరుచుకుంది. టైపు సమాచారాన్ని వాడుకునే టైప్‌స్క్రిప్ట్-ఈఎస్‌లింట్‌లో నో-ఫర్-ఇన్-అర్రే అనే నియమం ఉంది. లూప్ తిరుగుతున్నది నిజంగా అర్రే మీదేనా అని టైపును అడిగి మరీ హెచ్చరిస్తుంది. ఊహ మీద కాక తెలిసిన విషయం మీద పనిచేస్తుంది కనుక దీనితో పెద్దగా ఎవరికీ పేచీ లేదు.

కాపలావాడి మీద ఫిర్యాదు

అసలు తమాషా కాపలా చుట్టూనే జరిగింది. ఆబ్జెక్ట్‌నే పిలిచి నీకు ఈ ప్రాపర్టీ సొంతమా అని అడగడం పాత పద్ధతి. కానీ ఆ ప్రశ్న అడిగే మెథడ్ కూడా వారసత్వంగా వచ్చిందే. బయటి నుంచి వచ్చిన జేసన్ డేటాలో హ్యాజ్‌ఓన్‌ప్రాపర్టీ అనే పేరుతోనే ఒక అంకె ఉంటే, ఆ అంకెను ఫంక్షన్‌లా పిలవబోయి ప్రోగ్రాము పడిపోతుంది. ప్రోటోటైప్ లేకుండా తయారైన ఆబ్జెక్ట్‌కు ఆ మెథడే ఉండదు. ఇలాంటివి అరుదేమీ కాదు: సర్వర్ మీద జావాస్క్రిప్ట్‌ను నడిపే నోడ్‌లో క్వెరీ స్ట్రింగ్‌ను విడగొట్టే ఫంక్షన్ ఆరో వెర్షన్ నుంచి అలాంటి ఆబ్జెక్ట్‌నే ఇస్తోంది.

అందుకని ఈఎస్‌లింట్ నో-ప్రోటోటైప్-బిల్టిన్స్ అనే నియమం తెచ్చింది. మెథడ్‌ను ఆబ్జెక్ట్ మీద నేరుగా పిలవొద్దు, మూల ప్రోటోటైప్ నుంచి అరువు తెచ్చుకుని పిలవమంటుంది. 2019లో వచ్చిన ఆరో వెర్షన్‌లో దీన్ని సిఫారసు జాబితాలో చేర్చారు. ఫలితం విచిత్రంగా వచ్చింది. సిఫారసు నియమాలతో నడిచే ప్రాజెక్టులో కాపలా లేని లూప్‌ను లింటర్ ఏమీ అనదు. జేఎస్‌లింట్ నేర్పినట్టు శ్రద్ధగా కాపలా పెట్టినవాడినే తప్పు పడుతుంది! రెండు నియమాలకూ వేటి కారణం వాటికుంది, కలిపి చూస్తేనే ఈ వింత.

అరువు పద్ధతిలో రాసే లైను చాంతాడంత ఉంటుంది. జేమీ కైల్ ప్రతిపాదించిన ఆబ్జెక్ట్ డాట్ హ్యాజ్‌ఓన్ 2022 ఎడిషన్‌లో చేరి ఆ బాధ తీర్చింది. ఈ ఒక్క విషయంలో వాదన ముగిసిందనే చెప్పాలి. కాపలా పెట్టదలుచుకుంటే దాన్ని రాయాల్సిన తీరు ఇప్పుడు ఒకటే.

వారసత్వం కావాలనుకున్నవాళ్లు

ప్రోటోటైప్‌లో చేర్చిన మెథడ్లు ఫర్-ఇన్‌కు కనబడడం ఎవరికీ అక్కర్లేదన్న మాట పూర్తిగా నిజం కాదని 2018లో తేలింది. అర్రేలలోని అర్రేలను విప్పి పరిచే ఫ్లాటెన్ అనే మెథడ్‌ను భాషలో చేర్చాలని ప్రమాణాల కమిటీ టీసీ39 అనుకుంది. ఫైర్‌ఫాక్స్ పరీక్షా వెర్షన్‌లో పెట్టగానే ఒక వెబ్‌సైట్ చెడింది. కారణం మూటూల్స్ అనే పాత లైబ్రరీ. అది అర్రేల ప్రోటోటైప్‌లో తన సొంత ఫ్లాటెన్ పెట్టుకునేది. తర్వాత ఫర్-ఇన్‌తో అర్రేల ప్రోటోటైప్ మీద తిరిగి, కనిపించిన మెథడ్లన్నిటినీ తన ఎలిమెంట్స్ ప్రోటోటైప్‌లోకి కాపీ చేసేది.

ఎన్యూమరబుల్ గుర్తు మెలిక ఇక్కడ పడింది. భాషలో ముందే ఉన్న, గుర్తు లేని ప్రాపర్టీ మీద కొత్త విలువను అసైన్ చేసినా గుర్తు రాదు. భాష తానే ఫ్లాటెన్ ఇవ్వగానే, మూటూల్స్ దాని మీద తన ఫ్లాటెన్‌ను రాసుకున్నా అది ఫర్-ఇన్‌కు కనబడకుండా పోయింది, కాపీ ఆగిపోయింది. పేరును స్మూష్ అని మార్చుదామని ఒకరు సరదాగా ప్రతిపాదిస్తే సోషల్ మీడియా ఊగిపోయింది. చివరికి ఆ ఏడాది మే నెలలో పేరు ఫ్లాట్‌గా స్థిరపడింది. ఈ రోజు అర్రేలకు ఫ్లాటెన్ కాక ఫ్లాట్ ఉండడానికి వెనక ఉన్నది ఒక ఫర్-ఇన్ లూప్. గార్డ్-ఫర్-ఇన్ నియమం పుట్టింది మెథడ్లు అనుకోకుండా కనబడినందుకు. ఇక్కడ నష్టం జరిగింది కనబడనందుకు.

ఇంతలో 2015లో వచ్చిన క్లాస్ వాక్యనిర్మాణం ఈ సమస్యను చడీచప్పుడు లేకుండా తగ్గించింది. క్లాసులో రాసిన మెథడ్లకు ఎన్యూమరబుల్ గుర్తు ఉండదు. అందువల్ల అవి ఫర్-ఇన్‌లో తేలవు. పాత పద్ధతిలో కన్‌స్ట్రక్టర్ ప్రోటోటైప్‌కు అసైన్ చేసినవన్నీ తేలేవి. కొత్త కోడ్‌లో కాపలా లేని లూప్ తప్పు చేసే సందర్భాలు ఆ మేరకు తగ్గాయి. ఈ సంగతి వాదనల్లో పెద్దగా వినిపించదు.

దాడి చేసేవాళ్లు వచ్చాక

2018లో నార్త్‌సెక్ సదస్సులో ఒలివియే ఆర్తో ప్రోటోటైప్ కాలుష్యం గురించి చెప్పిన తర్వాత చర్చ స్వరం మారింది. బయటి నుంచి పంపిన డేటా ద్వారా మూల ప్రోటోటైప్‌లోకి ఒక విలువను చొప్పించగలిగితే, నడుస్తున్న ప్రోగ్రాములోని దాదాపు ప్రతి ఆబ్జెక్టూ దాన్ని వారసత్వంగా పొందుతుంది. కాపలా పక్షం వెంటనే మా మాట నిజమైందంది. సగమే నిజమైంది.

2019 ఏప్రిల్‌లో జేక్వెరీ 3.4.0 సరిదిద్దిన లోపాన్ని చూస్తే ఆ మిగతా సగం తెలుస్తుంది. ఒక ఆబ్జెక్ట్‌ను మరోదానిలోకి లోతుగా కలిపే ఎక్స్‌టెండ్ ఫంక్షన్ ఫర్-ఇన్‌తో తిరిగేది. దాడి చేసేవాడు పంపిన జేసన్‌లో ప్రోటో అన్న పేరు, ముందు రెండు వెనక రెండు అండర్‌స్కోర్లతో, ఉంటుంది. జేసన్‌ను విడగొట్టినప్పుడు ఆ పేరు ఆబ్జెక్ట్‌కు సొంత ప్రాపర్టీగానే ఏర్పడుతుంది. సొంతమా అని అడిగితే అవుననే జవాబు. కాపలా దాన్ని సాదరంగా లోపలికి పంపుతుంది! జేక్వెరీ సరిదిద్దుకున్నది కాపలా పెట్టి కాదు, ఆ పేరు వస్తే దాటేయమని రాసి. అదే ఏడాది జులైలో లోడాష్ అనే లైబ్రరీ 4.17.12 వెర్షన్ సరిదిద్దిన లోపంలో దాడి దారి ఆ పేరు కూడా కాదు, కన్‌స్ట్రక్టర్, ప్రోటోటైప్ అన్న మామూలు పేర్ల మీదుగా సాగింది.

డేటాను చార్టులుగా చూపించే కిబానా అనే ప్రోగ్రాము ఉదాహరణ ఇంకా ఘాటైనది. టైమ్‌లయన్ అనే భాగంలో కాలుష్యానికి దారి ఉందనీ, దాన్ని సర్వర్ మీద ఆదేశాలు నడిపే దాకా తీసుకెళ్లొచ్చనీ పోలండ్ భద్రతా పరిశోధకుడు మిహావ్ బెంత్‌కోవ్‌స్కీ 2019లో చూపించాడు. నోడ్ కొత్త ప్రాసెస్‌ను మొదలుపెట్టేటప్పుడు, ఆప్షన్లలో ఎన్వ్ అనే ప్రాపర్టీ ఇచ్చారా అని చూస్తుంది, లేకపోతే మామూలు ఎన్విరాన్‌మెంట్ వాడుతుంది. అప్పటి నోడ్‌లో, మూల ప్రోటోటైప్‌లో ఎన్వ్‌ను చొప్పిస్తే, ఎవరూ ఇవ్వకపోయినా ఇచ్చినట్టే కనిపించేది. దెబ్బ పడింది లూప్‌లో కాదు, లూప్‌కు ముందు ఆ ఆప్షన్‌ను చదివే ఒక సాదాసీదా లైన్‌లో. తర్వాత ఎన్విరాన్‌మెంట్ పేర్లను పోగేసే ఫర్-ఇన్ లూప్ ఉంది. అందులో కాపలా పెట్టినా ఫలితం శూన్యం, ఎందుకంటే దాడి చేసినవాడు పెట్టిన పేర్లు ఆ ఎన్వ్ ఆబ్జెక్ట్‌కు సొంతవే. పైగా ప్రోటోటైప్ విలువలను ఉద్దేశపూర్వకంగానే చేరుస్తున్నామని ఆ లూప్ పక్కనే నోడ్ సోర్సులో కామెంట్ ఉంది. అక్కడ ఏ లింటరయినా గోల చేస్తే దాని నోరు మూయించడం తప్ప నోడ్ బృందానికి వేరే పని ఉండదు.

ఈ మూడు ఉదంతాలూ చెప్పేది ఒకటే. ప్రమాదం లూప్ ఆకారంలో లేదు. పేర్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి, ఆ పేర్లతో ఎక్కడ రాస్తున్నారు అన్న ప్రవాహంలో ఉంది. దాన్ని వెంబడించాలంటే కోడ్‌క్యూఎల్ లాంటి, డేటా నడకను ఫంక్షన్ల మీదుగా లెక్కగట్టే విశ్లేషకాలు కావాలి. దానిలో ప్రోటోటైప్‌ను కలుషితం చేయగల ఫంక్షన్లను పట్టుకునే ప్రత్యేక క్వెరీలు ఉన్నాయి. అవి నిదానం, ఎడిటర్‌లో అక్షరం కొట్టగానే జవాబిచ్చే రకం కాదు. లింటర్‌కు పోటీగా కన్నా లింటర్ చేయలేని పనికే వాటిని పెట్టుకోవడం సబబు.

ఇంకా తేలనివి

పాత కోడ్‌లోని ఫర్-ఇన్‌లను పనిముట్టే తనంతట తాను కీస్‌లోకి మార్చేయవచ్చు కదా అన్నది తరచూ వచ్చే ప్రశ్న. గార్డ్-ఫర్-ఇన్ అలా సరిదిద్దదు. రెండింటి నడత వేరు. నల్ మీద ఫర్-ఇన్ పెడితే లూప్ ఒక్కసారి కూడా తిరగకుండా ముగుస్తుంది, కీస్‌కు నల్ ఇస్తే ఎర్రర్ విసురుతుంది. లూప్ నడుస్తుండగా, ఇంకా వంతు రాని ప్రాపర్టీని తొలగిస్తే ఫర్-ఇన్ దాన్ని వదిలేస్తుంది. కీస్ ముందే తీసుకున్న జాబితాలో ఆ పేరు అలాగే ఉంటుంది. పెద్ద కోడ్‌బేస్‌లో ఈ తేడాల మీద ఆధారపడిన లూపులు ఎన్ని ఉన్నాయో లింటర్ చెప్పలేదు.

మూల ప్రోటోటైప్‌ను ప్రోగ్రాము మొదట్లోనే, ఇక మార్చే వీలు లేకుండా, ఫ్రీజ్ చేసేస్తే కాపలా గొడవే ఉండదన్న ఆలోచన కూడా ఉంది. నోడ్‌లో భాష ఇచ్చే మూల ఆబ్జెక్టులను ఫ్రీజ్ చేసే ప్రయోగాత్మక ఫ్లాగ్ ఉంది. ప్రోటో అన్న అండర్‌స్కోర్ల పేరును పూర్తిగా తీసేసే ఫ్లాగూ ఉంది. అడ్డం వచ్చేది ఓవర్‌రైడ్ మిస్టేక్ అని పేరుపడ్డ భాషా లక్షణం. ప్రోటోటైప్‌లో టుస్ట్రింగ్ ఫ్రీజ్ అయితే, ఏ మామూలు ఆబ్జెక్ట్ కూడా తన సొంత టుస్ట్రింగ్‌ను అసైన్‌మెంట్‌తో పెట్టుకోలేదు. అలా పెట్టుకునే లైబ్రరీలు ఎన్నో ఉన్నాయి, అవన్నీ చెడతాయి. ఈ లక్షణాన్ని సరిచేస్తే వెబ్‌లో ఏం విరుగుతుందోనన్న భయంతో కమిటీ దాన్ని మార్చలేదు.

రస్ట్ భాషలో రాసిన కొత్త తరం లింటర్లు బయోమ్, ఆక్స్‌లింట్ కూడా ఈ నియమాన్ని తమలోకి తెచ్చుకున్నాయి. తనిఖీ వేగం ఎన్నో రెట్లు పెరిగింది. అవీ లూప్ లోపల ఇఫ్ ఉందా అనే చూస్తున్నాయి.